ఇంటికప్పు నుంచి కంటిలోకి

శుద్ధ విదియ

బట్టీ నడిపేవాళ్ళు ఏ రోజు ఏం చేశారో రాసి పెట్టాలని తెప్పల సంఘం కొత్తగా హుకుం జారీ చేసింది. ఎంత పలక పగలగొట్టాం, ఎంత రసం దిగింది, ఎంత వృథా పోయింది, ఈ మూడూ రాస్తే చాలన్నారు. నాకు చాలినంత రాయడం చేతకాదు. మొదలుపెడితే ఆగను. చదివే ఖర్మ ఎవరికి పట్టిందో వాళ్ళు ఓపిక తెచ్చుకోవాలి.

ఇవాళ మా మేనత్త అసిరమ్మ ఇంటికప్పు విప్పాం. మర పట్టే తవిటయ్య బావ పైకెక్కి మేకులు పీకుతుంటే నేను కింద నిలబడి పలకని పట్టుకున్నాను. అత్త గుమ్మంలో కూచుని, ఏమీ కనబడకపోయినా తల పైకెత్తి, "మెల్లగా, మెల్లగా. అది మీ మావ నిలబెట్టిన కప్పు" అని ఇద్దర్నీ తిడుతూనే ఉంది.

సముద్రం మీద తెప్పలు కట్టుకుని బతికే మా తెప్పలూరులో ప్రతి కప్పూ ఏటవాలుగా పెట్టిన అక్రిలిక్ పలకే. దాని కింద నల్ల పళ్ళెంలో సముద్రపు నీళ్ళు పోస్తాం. ఎండకి ఆవిరి లేచి పలకకి అంటుకుని, చుక్కలుగా జారి కడవలో పడుతుంది. బడిలో దాన్ని స్వేదనం అని నేర్పుతారు. ఇళ్ళలో మాత్రం కడవ నిండిందా లేదా అనే అడుగుతాం. ఉప్పుగాలికీ ఎండకీ ఆ పలకలు మసకేస్తే నా బట్టీకి వస్తాయి. వాటిని ఇనప కుండలో మూతబెట్టి కాలిస్తే పలక కాస్తా ఆవిరైపోయి, చల్లారి రసమవుతుంది. ఆ రసాన్ని బట్టీలో దించి శుభ్రం చేసి, అచ్చులో పోసి గట్టిపరిస్తే మళ్ళీ కొత్త పలక. నీళ్ళు దిగాలంటే పలక కావాలి, పలక పుట్టాలంటే నా బట్టీ కావాలి. అందుకే ఊళ్ళో అందరూ నాతో మర్యాదగా ఉంటారు, అత్త తప్ప.

ఈ పలక మాత్రం మళ్ళీ కప్పు అవడానికి రాలేదు. అత్త కంట్లోకి వెళ్ళడానికి వచ్చింది. ఆవిడ ఎడమ కన్ను ఎప్పుడో తెగిన లంగరు తాడు తగిలి పోయింది. ఉన్న ఒక్క కుడికంటికీ శుక్లం ముదిరి పాలమీగడలా కమ్మేసింది. కళ్ళ డాక్టరు పడవ ఏడాదికోసారి వస్తుంది. డాక్టరుది చెయ్యి, లెన్సు మాత్రం ఊరిది, అదీ పద్ధతి. పైగా కంట్లో పెట్టే లెన్సు సొంత ఇంటికప్పులోంచే రావాలని మా వాళ్ళ ఆచారం. ఆ కప్పు కింద దిగిన నీళ్ళే తాగి పెరిగిన ఒళ్ళు ఆ పలకని పరాయిదనుకోదట. ఏ అక్రిలిక్ అయినా కంటికి ఒకటే అని పాత డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా అత్త వినలేదు. వేరేవాళ్ళ కప్పు నా కంట్లో పెడితే నేను వేరేవాళ్ళలా చూస్తానంటుంది.

డాక్టరు పడవ అష్టమికి వచ్చి పున్నమికి వెళ్ళిపోతుందని రేడియోలో కబురొచ్చింది. అత్తకి పున్నమి ఇంకో రకంగా కూడా గడువు. రెండు వరసల తెప్పల మధ్య మనుషుల్ని దాటించే రేవు పడవ ఆవిడది. వానల్లో బడి తెప్ప తాడుకి పడవని గుద్దేసరికి సంఘం తెడ్డు లాగేసుకుంది. పున్నమికల్లా చూపొస్తే తెడ్డు తిరిగి ఇస్తారు. రాకపోతే రెండో వరస సూర్రావుకి పోతుంది.

"పడవ నేకపోతే నానేటి సేత్తానే?" అని అడిగింది అత్త, మేము పలక మోసుకొస్తుంటే వెనకాల, తెప్పల అంచున కట్టిన దారితాడు పట్టుకుని నడుస్తూ. "అచ్చింతలేసుకుని కూకుంటానా?"

నేను పలకని రెండో భుజానికి మార్చుకున్నాను. పలక బరువుగా ఉంది.

శుద్ధ చవితి

పలకని ముక్కలు చేసి నిన్న కాల్చాను. ఇవాళ బట్టీ దించాను.

కాల్చిన రసం గోధుమ రంగులో, మురికిగా ఉంటుంది. దాన్ని ఊరికే సీసాలో ఉంచితే దానంతటదే గడ్డ కట్టేస్తుంది. అందుకని అందులో పసుపు కొమ్ములు వేసి దాస్తాం. పసుపున్నంత కాలం రసం రసంగానే ఉంటుంది. లెన్సు కోసే బిళ్ళ పోసేముందు ఆ పసుపుని, మిగతా మురికినీ బట్టీలో వదిలించాలి. కింద కుండ మరుగుతుంది. కుండ మీద నిలువు గొట్టం, దాన్నిండా పగిలిన మట్టిగాజు ముక్కలు. ఆవిరి ఆ ముక్కల సందుల్లోంచి పాకుతూ పైకి ఎక్కుతుంది. బరువైన మురికి ఎక్కలేక వెనక్కి జారిపోతుంది. మరిగే నీళ్ళంత వేడి దగ్గర మంచి రసం ఒక్కటే పైదాకా వచ్చి, పక్క గొట్టంలో చల్లారి, చుక్క చుక్కగా దిగుతుంది. అందులోనూ మొదటా చివరా దిగింది కప్పులకే, కంటికి పనికొచ్చే నడిమి రసం పలకంతటికీ రెండు మూడు బిళ్ళలకి మించదు. నా గాజు ముక్కల గొట్టం మీద నాకు కాస్త గర్వం. ఈ సముద్రం మీద ఇంత బాగా దించేవాళ్ళు వేరే లేరని నా ఉద్దేశం, ఇంకెవరూ అనకపోయినా.

బట్టీ గదిలో తేనె రంగు దీపమే వెలిగిస్తాం. తెల్ల వెలుతురు తగిలితే రసం తొందరపడి గడ్డకడుతుంది. గుడ్డి వెలుతురులోనే దించిన రసంలో గట్టిపరిచే పొడి కలిపి, రూపాయి బిళ్ళంత అచ్చులో పోసి, మూతపెట్టి గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో దించాను. రెండ్రోజుల్లో రాయిలా అవ్వాలి. అప్పుడు బావ దాన్ని మర మీద తిప్పి, పెసరబద్దంత లెన్సు కోస్తాడు.

మధ్యాహ్నం అత్త తాడు పట్టుకుని అన్నం గిన్నెలు తెచ్చింది. గదిలో ముక్కు పగిలే పండు వాసన వేస్తుంది కాబట్టి నేను బయట బల్ల మీద కూచుని తింటాను. అత్తకి ఆ వాసనంటే ఇష్టం. నేను తినేదాకా లోపల చల్లగా కూచుంటుంది.

"నా కన్ను ఈ తొట్టిలోనేనా ఉంది?" అంది.

"అందులోనే. ముట్టుకోకు."

"ముట్టుకోనులే" అంది.

శుద్ధ షష్ఠి

బిళ్ళ గట్టిపడలేదు. మూత తీస్తే లోపల హల్వా. వేలు పెడితే దిగింది. వెలుతురులోకి తెచ్చి చూస్తే లేత పసుపు రంగు. 

పసుపు బట్టీ దాటి పైకొచ్చేసిందన్నమాట. ఎప్పుడూ రాలేదు. మంట ఎక్కువై కుండ ఎగతన్ని, పసుపు రసం గాజు ముక్కల మీదుగా చిమ్మి ఉండాలి. ఇంకేం కారణం తోచలేదు. గొట్టం విప్పి, గాజు ముక్కలన్నీ బూడిదతో తోమి ఎండబెట్టాను. ఇంకా ముక్కలు కావాలని మొదటి వరసలో చెప్పి పంపితే ఆడవాళ్ళు చిరిగిన చేటల్లో, కొబ్బరి చిప్పల్లో పగిలిన గాజులు పంపించారు. ఒకావిడ బాగున్న గాజులు కూడా విరగ్గొట్టి ఇచ్చింది, అసిరమ్మ నా ప్రసవం రోజు ఉప్పెనలో పడవ వేసిందమ్మా అని. గొట్టం నిండా కుక్కి, మంట తగ్గించి, చుక్కకీ చుక్కకీ మధ్య ఊపిరి బిగబట్టి మళ్ళీ దించాను. ఇంకో బిళ్ళ పోశాను.

అత్తకి బిళ్ళ పాడైందని చెప్పాను. ఆవిడ గిన్నెలు సర్దుకుంటూ, "రసం తక్కువ పడతాదేటి?" అని మాత్రం అడిగింది. ఇవాళ పోసినదాంతో కలిపి ఇంకో రెండు బిళ్ళలకి సరిపడా ఉందన్నాను. అది అబద్ధం కాదు. మూడోదానికి ఉండదు, అదీ అబద్ధం కాదు, కానీ ఆ సంగతి చెప్పలేదు.

శుద్ధ అష్టమి

డాక్టరు పడవ పొద్దున్నే వచ్చింది. డాక్టర్ హైమవతిగారు ఈసారి కొత్తగా వచ్చిన మనిషి, మాట మెత్తన, చెయ్యి గట్టి. అత్త కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"శుక్లం బాగా పండిపోయింది. ఇంకో ఏడాది ఆగితే లోపలే పగిలి కన్నే పోవచ్చు. ఈ వారంలోనే తీసేయాలి."

"లెన్సు లేకపోతే?" అని అడిగాను.

"లేకుండా కూడా తీస్తాను. కానీ తర్వాత సీసా అడుగంత మందం కళ్ళజోడు పెట్టుకోవాలి. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనబడదు. దూరం సరిగ్గా తెలీదు."

పక్కలు కనబడని మనిషికి సంఘం తెడ్డు ఇవ్వదు. ఈ మాట డాక్టరమ్మకి తెలియదు, నాకు తెలుసు. గోడకి చెవి ఆనించి విన్న అత్తకీ తెలుసు.

ఇంటికొచ్చే దారిలో అత్త తాడు పట్టుకోలేదు, నా భుజం పట్టుకుంది. "ఆ జోడు నాకొద్దు. నీ బిళ్ళే కావాల" అంది. ఇంత మెత్తగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం రెండో బిళ్ళ తీశాను. అదీ హల్వాయే. అదే పసుపు.

శుద్ధ నవమి

ఉన్న రసమంతా దించేశాను. ఇదే ఆఖరి బిళ్ళకి సరిపోయే రసం. పాడైన రెండు బిళ్ళల జిగురు వేరే సీసాలో పక్కన పెట్టాను, వాటితో ఏం చెయ్యాలో ఆలోచించే బుర్ర ఇవాళ లేదు.

ఈసారి ఒక పని చేశాను. గొట్టంలోంచి దిగుతున్న రసాన్ని అక్కడికక్కడే చిన్న మందు సీసాలో నాలుగు చుక్కలు పట్టాను. చిటికెడు పొడి కలిపి, బిరడా బిగించి ఇంటికి తీసుకుపోయి, పొయ్యి పక్కన వేడి ఇసకలో పెట్టాను. తప్పు నా బట్టీదైతే ఇది కూడా హల్వా అవుతుంది. అవకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది.

నేను బిళ్ళ పోస్తుంటే తవిటయ్య బావ పక్కనే నిలబడ్డాడు. నాకు చిరాకు ఆగలేదు. "మర మీద వాడే నూనె చేతులతో అచ్చు ముట్టుకున్నావా?" అన్నాను.

"నేను అచ్చు ముట్టుకోవడం నువ్వెప్పుడైనా సూసినావా?"

"మరి ఎవరు ముట్టుకున్నారు?"

"బిళ్ళ నీది, బట్టీ నీది. పాడైతే నాదేటి?" అని విసురుగా వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళుగా పక్క పక్కన పనిచేస్తున్నాం, ఇలా మాట్లాడుకోవడం ఇదే మొదలు. భయం మనిషిని ఎంత నీచంగా మాట్లాడిస్తుందో నాకు తెలిసొచ్చింది. రేపు క్షమించమని అడగాలి.

శుద్ధ దశమి

పొద్దున్న లేచి, మొహం కూడా కడుక్కోకుండా ఇసకలోంచి సీసా తీశాను. రాయి. గోరు పెడితే దిగలేదు. ఎండలో పెట్టి చూస్తే వాన వెలిసిన ఆకాశంలా శుభ్రంగా ఉంది, రంగు జాడ లేదు.

నేను పొయ్యి పక్కనే చతికిలబడి ఏడ్చాను. బట్టీది తప్పు కాదు. నా గాజు ముక్కలు, నా మంట, నా చేతులు, ఏదీ తప్పు కాదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ముందు నాకు నా బట్టీ గురించే సంతోషమేసింది. అత్త కన్ను ఆ తర్వాతే గుర్తొచ్చింది.

ఆ సీసా పట్టుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళి బావ కాళ్ళ దగ్గర కూచున్నాను. నిన్నటి మాటకి క్షమించమన్నాను. ఆయన సీసా చేతిలోకి తీసుకుని, వెలుతురుకి తిప్పి తిప్పి చూసి, "అయితే పసుపు అచ్చులోకే ఒస్తంది" అన్నాడు. "ఎవులో ఏత్తన్నారు."

"ఎవరేస్తారు? ఎందుకేస్తారు?"

"సూద్దాం. దాక్కుందాం."

నవ్వొచ్చింది, కానీ వేరే దారి లేదు. నిన్న పోసిన ఆఖరి బిళ్ళ తొట్టిలో ఉంది. నిన్న మధ్యాహ్నమంతా నేను అచ్చు పక్కనుంచి కదలకుండా అక్కడే నిలబడి అన్నం తిన్నాను కాబట్టి ఇంకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇవాళ ఆయన మర వెనకాల, నేను రసం పీపాల వెనకాల నక్కాం. తేనె రంగు వెలుతురులో పీపాల వెనక చెమటలు కక్కుతూ, వచ్చేది రెండో వరస సూర్రావే అని నాలో నేను తీర్మానించుకున్నాను. తెడ్డు మీద ఆశ ఉన్నది అతనికే. వాడిని ఏమేం తిట్టాలో మాటలు కూడా ఏరి పెట్టుకున్నాను.

తలుపు తోసుకుని అత్త వచ్చింది.

గిన్నెలు కింద పెట్టి, "వరాలూ" అని పిలిచింది. నేను పలకలేదు, ఆవిడని భయపెట్టడం ఇష్టం లేక. ఆవిడ కాసేపు ఆగి, గోడ తడుముకుంటూ తొట్టి దగ్గరికి నడిచింది. చేతివేళ్ళతో నీళ్ళు తడిమి, అచ్చు వెతికి, మూత తీసింది. తీసిన మూతని జాగ్రత్తగా కొంగులో పెట్టుకుంది. రొంటిన కట్టుకున్న ముడి విప్పి ఏదో తీసి కళ్ళకద్దుకుంది.

ఒక్క గెంతులో వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఎవులది?" అని అదిరిపడింది.

"నేనే అత్తా. నీ చేతిలో ఏటది?"

"పసుపు కొమ్ము" అంది అత్త, దొంగతనమేమీ లేనట్టు. "నా పడవ ముక్కుకి కట్టింది. పడవ ఎల్లిపోతే ఇదొక్కటే ఇప్పి తెచ్చుకున్నాను. దీన్ని ఆ రసంలో ముంచి తీత్తన్నాను, అంతే. రోజూ నువ్వు తింతన్నప్పుడు."

"ఎందుకత్తా?"

"ఎందుకేటే? కన్ను కోత్తారు గదా. కోసిన సోట చీము పట్టదా? పుండుకి పసుపెట్టమేటి? కంట్లో పెట్టే వస్తువుకి పసుపు లేకపోతే ఎలాగ? నువ్వూ ఏత్తావు గదా, రసం సీసాల్లో. కల్లున్నప్పుడు సూసినాను."

తవిటయ్య బావ మర వెనకనుంచి లేచి నిలబడి, మళ్ళీ కూచున్నాడు.

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని చెప్పాను. "పసుపుంటే రసం గట్టిపడదత్తా. గట్టిపడకుండా దాచుకోవడానికే వేస్తాం. బిళ్ళ పోసేముందు బట్టీలో దించి ఆ పసుపే తీసేస్తాం. నాకున్నదల్లా ఆ ఒక్క పనే. నేను తీస్తుంటే నువ్వు వేస్తున్నావు."

ఆవిడ మొహం మీద అంత భయం నేను ఎప్పుడూ చూడలేదు, ఉప్పెనలో కూడా. "అయితే నా కన్ను నానే పొడుసుకున్నానన్నమాట" అంది మెల్లగా. "రెండు బిళ్ళలు పోనాయి. అదీ పోనాదా?"

"ముంచావా?"

"నేదు. నువ్వు పట్టేసినావు."

నేను అచ్చు మీదికి వంగి చూశాను. రసం నిశ్చలంగా ఉంది, పైన సన్నటి మీగడ కట్టడం మొదలైంది. గట్టిపడుతోంది. మూత తీసుకుని బిగించి, నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఆగలేదు. బావ కూడా మొదలుపెట్టాడు. అత్తకి ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాక ఇద్దర్నీ తిట్టడం మొదలుపెట్టింది, అది విని ఇంకా నవ్వొచ్చింది. ఆ తిట్లు వినే సరికి నా ప్రాణం కుదుటపడింది.

నవ్వు తగ్గాక చెప్పాను. ఆ రెండు బిళ్ళల జిగురు కూడా పోలేదు, గట్టిపడలేదు కాబట్టే మళ్ళీ బట్టీలో పోస్తే పసుపు కిందుండిపోయి రసమంతా పైకొస్తుంది. నీ కప్పు నీకు ఇంచుమించు మొత్తం తిరిగొస్తుంది.

"మరి చీము?" అంది.

"చీము పట్టకుండా డాక్టరమ్మ దగ్గర మందుంది. ఇది మాత్రం నీ రొంటినే ఉంచు."

శుద్ధ ఏకాదశి

అత్త బట్టీ గదిలోంచి కదలనంటోంది. అచ్చుకి కాపలా కాస్తుందట. ఊళ్ళో ఎవరికైనా పసుపు మీద భక్తి పుట్టి వచ్చేస్తారేమోనని తలుపు దగ్గర పీట వేసుకుని కూచుంది. డాక్టరమ్మ చూడ్డానికి వస్తే ఆవిడని కూడా ఆపి, "సేతులు సూపించు" అంది. డాక్టరమ్మ సబ్బు వాసన వచ్చే చేతులు చాపితే వాసన చూసి లోపలికి పంపింది.

నేను ఆ జిగురంతా బట్టీకెక్కించాను. మంట సన్నగా పెట్టి, కిటికీలోంచి సముద్రం చూస్తూ, పాట కూడా పాడుకున్నాను. చుక్కలు ఒక్కొక్కటీ నీళ్ళలా తెల్లగా దిగాయి. పసుపంతా కుండ అడుగున తారులా మిగిలింది. మనసుకి ఇంత హాయిగా బట్టీ దించి ఎన్నాళ్ళయిందో.

శుద్ధ ద్వాదశి

బిళ్ళ రాయిలా గట్టిగా వచ్చింది. ఎండలో నిలబెట్టి చూశాం. దాని వెనకనుంచి చూస్తే నా చేతి గీతలన్నీ కనబడ్డాయి. బావ డాక్టరమ్మ చెప్పిన కొలత మూడుసార్లు అడిగి మరీ తెలుసుకుని, తలుపేసుకుని మర తిప్పాడు. సాయంత్రానికి బయటికొచ్చి, తడి గుడ్డలో చుట్టిన లెన్సు నా అరచేతిలో పెట్టాడు. ఊపిరి వదిలితే ఎగిరిపోతుందేమోనని నేను నోరు మూసుకున్నాను. అంత పెద్ద కప్పులోంచి ఇంత చిన్నది.

శుద్ధ చతుర్దశి

నిన్నంతా లెన్సు కడగడం, మందు నీళ్ళలో నానబెట్టడం డాక్టరమ్మ చూసుకున్నారు. ఇవాళ ఆపరేషను.

డాక్టరు పడవ గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు. బయట రేకు గోడ పక్కన నేను, బావ కూచున్నాం. కంటికే మత్తు, నోటికి కాదు కాబట్టి అత్త మాటలు వినబడుతూనే ఉన్నాయి. ముందు మావ సంగతి చెప్పింది. తర్వాత ఈ ఊళ్ళో తెప్పలు కట్టిన తీరు మీద పడింది, మొదటి వరస వాళ్ళకి తాళ్ళు కట్టడం రాదంది. డాక్టరమ్మ రెండుసార్లు "అసిరమ్మగారూ, కాసేపు మాట్లాడకండి" అన్నారు. మూడోసారి అడగలేదు. లోపల మాటలు నడుస్తున్నంతసేపూ నాకు భయం లేదు. మధ్యలో ఒకసారి ఆగిపోయాయి. నేను బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి లోపల్నించి, "అయిపోనాదా? ఇంతేనా?" అని వినబడింది. బావ నా చెయ్యి విదిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

పున్నమి

కట్టు విప్పారు. నేను జనం వెనకాల ఇరుక్కుపోయాను. సగం ఊరు వచ్చి ఆ పడవ మీద నిలబడింది, అది ఒక పక్కకి ఒరిగిపోయింది కూడా. డాక్టరమ్మ నెమ్మదిగా దూది తీశారు. అత్త కన్ను చిట్లించి, తెరిచి, ఎదురుగా ఉన్న మనిషిని ఎగాదిగా చూసింది.

"ఇంత సిన్నపిల్లవా నువ్వు?" అంది. "ముందే తెలిస్తే నీ సేత కోయించుకుందునా?"

అందరూ నవ్వారు. డాక్టరమ్మ ఆవిడని వేళ్ళు లెక్కపెట్టమన్నారు, దూరంగా ఉన్న దీపం చూపించమన్నారు. అన్నీ సరిగ్గా చెప్పింది. తర్వాత కన్ను అలిసిపోకుండా గిన్నెలాంటి మూత పెట్టి, నాలుగైదు రోజులు తియ్యొద్దన్నారు. నేను జనాన్ని తోసుకుని ముందుకెళ్ళేసరికి ఆ మూత పెట్టేశారు. మధ్యాహ్నం నీళ్ళు వెనక్కి తీసే ఆటుకి డాక్టరు పడవ వెళ్ళిపోయింది. సంఘం వాళ్ళకి కబురంపితే, మూత తీసిన రోజే పడవ మీద పరీక్ష పెడతామన్నారు.

బహుళ పంచమి

పొద్దున్న నా చేత్తో నేనే మూత తీశాను. అత్త నా మొహంకేసి చూడనైనా లేదు. సూటిగా గుమ్మంలోంచి నీళ్ళ మీదికి చూసి, చీర ఎగ్గట్టుకుని రేవుకి నడిచింది. తాడు పట్టుకోలేదు. నేను వెనకాల పరిగెత్తాను. కాస్త మనసు చివుక్కుమంది, దాచడమెందుకు.

సంఘం పెద్ద పడవలో మధ్యన కూచున్నాడు. తోడుకి నన్ను ఎక్కమన్నారు. సూర్రావు తెడ్డు తెచ్చి తనే అత్త చేతికిచ్చాడు. "నాకు నీళ్ళంటే బయం పెద్దమ్మా, ఆళ్ళు ఇత్తామంటే వొద్దనలేకపోయాను" అన్నాడు. నేను పీపాల వెనక ఏరి పెట్టుకున్న తిట్లన్నీ తలుచుకుని మొహం తిప్పుకున్నాను.

తెప్పల వరసల మధ్య సందు సన్నగా ఉంటుంది, రెండు పక్కలా తాళ్ళు. అత్త ఏ తాడుకీ తగలకుండా, మధ్యలో ఒక్కసారైనా నెమ్మదించకుండా అవతలికి చేర్చింది. దారిలో అందరి కప్పులూ చూస్తూనే ఉంది. "ఆ మూడో ఇంటి పలక పగులిచ్చినాది. ఆ పక్కది సూడు, ఎంత మసకేసినాదో. నా కన్నే మసకనుకున్నాను, మీ కప్పులూ అలాగే ఉన్నాయి. ఈల్ల నీల్లు ఈల్లెలా తాగుతున్నార్రా?" అంది. ప్రతి మాటకీ నాకు ఒక బట్టీ పని పెరుగుతోంది. సంఘం పెద్ద, "తెడ్డు నీదే అసిరమ్మా" అని దిగిపోయాడు.

అవతలి వరస తెప్ప మీద దాటడానికి మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళని ఎక్కించుకుంది. ఇవతలికి తెచ్చింది. మళ్ళీ అవతలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. నేను ఇంకా పడవలోనే ఉన్నాను. బట్టీ మీద కుండ పెట్టాల్సిన వేళ దాటిపోయింది. మూడోసారి అవతలికి పడవ తిప్పబోతుంటే, "నన్ను రేవులో దింపత్తా, పనుంది" అన్నాను.

అత్త తెడ్డు నీళ్ళలోంచి పైకి తీసి, ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. పడవ దానంతటదే మెల్లగా నడుస్తోంది. మొదటిసారి నా వైపు తిరిగింది. నుదురు నుంచి గడ్డం దాకా, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా, కన్నార్పకుండా చూసింది. నాకు ఎక్కడ చూడాలో తెలీలేదు.

"కూకోయే" అంది. "నిన్ను సూడ్డం ఇంకా అవనేదు."

కూచున్నాను.